ఫోటోలో కుమ్మరి కందిరీగ: రంగు కంటే ముందు ఒంటి తీరు చూడాలి

రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఆకు మీద వాలిన కందిరీగే. నల్లటి ఒళ్లు, పసుపు పట్టీలు, దారంతో బిగించినట్టున్న సన్నటి నడుము, దాని చివర గంటలా ఉబ్బిన పొట్ట. చూసినవాళ్లెవరైనా రెండూ ఒకటేనంటారు. కానీ ఒకటి మట్టితో బుల్లి కుండ చేసి, అందులో గొంగళిపురుగులు నింపి, ఒంటరిగా బతికే కుమ్మరి కందిరీగ, యూమెనెస్. రెండోది నమిలిన చెక్కనారతో కాగితం లాంటి గూడు కట్టి, తోటివాటితో కలిసి కాపురముండే రోపాలిడియా. బతుకుల్లో ఇంత తేడా ఉన్నవి ఫోటోలో మాత్రం కవలల్లా కనిపిస్తాయి.

వీటిని విడదీసేది ముఖం. యూమెనెస్ దవడలు కత్తెర అలుగుల్లా పొడుగ్గా ఉంటాయి. ముందుకు సాగి, ఒకదాని మీదొకటి పడి, మూసినప్పుడు పక్షి ముక్కులా కనిపిస్తాయి. రోపాలిడియా దవడలు పొట్టిగా, వెడల్పుగా ఉండి ముఖం అంచు కింద అణిగిపోతాయి. ఫోటో ఇంకాస్త నిశితంగా ఉంటే కాళ్లు కూడా సాక్ష్యం చెబుతాయి. మధ్య జత కాళ్లలో పిక్క భాగం చివర చిన్న ముళ్లు ఉంటాయి. కుమ్మరి కందిరీగల్లో మామూలుగా ఒక్కటే ఉంటుంది, రోపాలిడియాలో రెండు. కాలిగోళ్లలోనూ తేడా ఉంది: కుమ్మరి గోటికి లోపలి వైపు పన్ను ఉంటుంది, రోపాలిడియా గోరు నున్నగా వంగి ఉంటుంది. ఇంతవరకూ రంగు ప్రస్తావనే అవసరం పడలేదు. ఫోటో చూసి కుమ్మరి కందిరీగను గుర్తుపట్టడంలో చాలా పొరపాట్లు రంగుతో మొదలుపెట్టడం వల్లే వస్తాయి.

పేరు విషయంలోనే ఒక తికమక ఉంది. కుమ్మరి కందిరీగలు అంటే యూమెనినే అనే ఉపకుటుంబం. కాగితం గూళ్లు కట్టే కందిరీగలు, కణుదురీగలు ఉన్న వెస్పిడే కుటుంబంలోదే ఇదీ. ఈ ఉపకుటుంబంలో 3,500కు పైగా జాతులు, సుమారు 200 ప్రజాతులు ఉన్నాయి. ఇన్నింటిలో నిజంగా కుండలు చేసేవి కొన్నే. మిగతావి బోలు కాడల్లో, చెక్కకు పడ్డ రంధ్రాల్లో, నేలలో తవ్విన బొరియల్లో మట్టి అడ్డుగోడలు కట్టి గదులు చేసుకుంటాయి. సన్నటి నడుము కూడా అన్నిటికీ లేదు. రింఖియమ్, యాన్సిస్ట్రోసెరస్ లాంటి ప్రజాతుల్లో పొట్ట మొదటి ఖండం వెడల్పుగానే ఉంటుంది. వాటికి తొడిమ, అంటే ఆ సన్నటి నడుము, లేదని కుమ్మరి కందిరీగల జాబితా నుంచి తీసేయడం ఎంత తప్పో, తొడిమ ఉన్న ప్రతిదాన్నీ యూమెనెస్ అనడం అంతే తప్పు.

ముందుగా కుటుంబం ఖాయం చేసుకోవాలి. మట్టి పని చేసే వేరే కుటుంబపు కందిరీగ ఒకటుంది, స్కెలిఫ్రాన్. దీన్నీ యూమెనెస్‌నూ కలిపేయడం చాలా మామూలు. ఫోటోలో కళ్ల దగ్గరికి వెళ్తే సందేహం తీరుతుంది. వెస్పిడే కుటుంబపు కందిరీగల కళ్లకు లోపలి అంచులో లోతైన నొక్కు ఉంటుంది, చిక్కుడు గింజకు మధ్యలో ఉన్నట్టు. స్కెలిఫ్రాన్ కళ్లకు అలాంటి నొక్కు ఉండదు. దాని నడుము కూడా అసలు సిసలు తీగే, పొట్ట దగ్గరికొచ్చాక ఒక్కసారిగా ఉబ్బుతుంది. యూమెనెస్ తొడిమ అలా కాదు. మొదట్లో సన్నగా ఉండి వెనక్కి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. ఇంకో గుర్తు రెక్కలది. వాలి ఉన్నప్పుడు వెస్పిడే కందిరీగలు ముందు రెక్కలను పొడవునా మడుచుకుంటాయి, అందుకే అవి ఇరుకు పట్టీల్లా కనిపిస్తాయి. స్కెలిఫ్రాన్ రెక్క మడత పడదు. అయితే అప్పుడే వాలిన కందిరీగ ఇంకా రెక్కలు మడవకపోవచ్చు. కాబట్టి మడత కనిపిస్తే అది గట్టి సాక్ష్యం. కనిపించకపోతే మాత్రం దాన్ని బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు.

కందిరీగ కానేకానివి కూడా ఈ వేషంలో తిరుగుతాయి. సిరియానా, మోనోసెరోమియా ప్రజాతుల పూల ఈగలకు నల్లటి ఒళ్లు, పసుపు పట్టీలు, కొన్నిటికైతే సన్నటి నడుము కూడా ఉంటాయి. కొన్నిట్లో నుదుటి మీది పొడవాటి కొమ్మ చివర నుంచి మీసాలు మొలుస్తాయి. దాంతో కందిరీగ మీసాల భ్రమ పూర్తవుతుంది. ఈగకు ఉండేది ఒక్క జత రెక్కలే. వెనక జత స్థానంలో గుండుసూది తల లాంటి చిన్న అంగాలు మిగిలి ఉంటాయి. ఫోటోలో రెక్కల లెక్క తేలకపోతే నోరు చూడాలి. ఈగకు కొరికే దవడలుండవు.

ఇక రంగు సంగతి. రంగు ఎందుకు మోసం చేస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. కుట్టే పురుగులు ఒకే చోట బతుకుతుంటే అన్నీ ఒకే రకం హెచ్చరిక రంగు ధరించడం వాటికి లాభం. పక్షి ఒక్కదాని చేత కుట్టించుకుంటే చాలు, ఆ రంగున్న వాటన్నిటికీ దూరంగా ఉంటుంది. అందుకే ఒకే ప్రాంతంలోని వేర్వేరు ప్రజాతుల కుమ్మరి కందిరీగలు, పైగా వేరే కుటుంబాల కందిరీగలు సైతం, ఒకే బట్ట కట్టుకున్నట్టు కనిపిస్తాయి. ఒక ఎడారి అంచున ఎరుపు గోధుమ రంగు, ఒక అడవిలో నలుపు, ఇంకోచోట నలుపు పసుపు. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఒకే జాతి ఒక దేశంలో ఒక రంగులో, సముద్రం దాటి మరో దీవిలో ఇంకో రంగులో ఉంటుంది. రింఖియమ్ బ్రూనియం అనే జాతి కిందే రంగును బట్టి ఎన్నో ఉపజాతులకు పేర్లు పెట్టారు. ఈ సమూహం మీద జీవితమంతా పనిచేసిన ఇటలీ శాస్త్రవేత్త ఆంటోనియో జోర్డానీ సోయికా, నెదర్లాండ్స్ శాస్త్రవేత్త యాకోబస్ ఫాన్ డెర్ వెఖ్ట్ లాంటి వాళ్లు కళేబరాలు చేతిలో పెట్టుకుని, సూక్ష్మదర్శిని కింద చూస్తూ విప్పిన ముడులివి. ఒక్క ఫోటోలోని పసుపు పట్టీ వెడల్పు చూసి జాతి పేరు రాసేయడానికి ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

మ్యూజియం నమూనాలతో పోల్చేటప్పుడు మరో చిక్కు వస్తుంది. పాతకాలంలో పురుగులను చంపడానికి సైనైడ్ సీసాలు వాడేవారు. ఆ ఆవిరి ఎక్కువసేపు తగిలితే కందిరీగల పసుపు ఎర్రబడుతుంది. అలాంటి నమూనా ఫోటో పక్కన బతికున్న కందిరీగ ఫోటో పెట్టి, పట్టీ రంగు కలవలేదు కాబట్టి ఇది వేరే జాతి అనుకుంటే లేని తేడాను పుట్టించినట్టే.

పోలిక మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సింది ఆడా మగా అన్నది. చాలామంది ఈ మెట్టు దాటేసి ముందుకు పోతారు. ఒక జాతి మగదాన్ని మరో జాతి ఆడదానితో పోల్చి, తేడాలన్నీ జాతి తేడాలే అనుకోవడం అక్కడే మొదలవుతుంది. లెక్క తేలికే: ఆడదాని మీసంలో 12 ఖండాలు, మగదానిలో 13. ఫోటోలో లెక్కపెట్టడం కుదరకపోతే మీసం కొస చూడాలి. కుమ్మరి కందిరీగల ప్రజాతుల్లో యూమెనెస్, డెల్టా మగవాటిలో చివరి ఖండం కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. ఒడినెరస్ మగవాటిలో కొస సుడి తిరిగి ఉంటుంది. సిమ్మోర్ఫస్ మగవాటికి కొక్కెమూ లేదు, సుడీ లేదు. అంటే మగది దొరికితే ప్రజాతి వైపు కూడా ఒక అడుగు పడినట్టే. దవడల పైన, ముఖం మధ్యలో డాలు ఆకారంలో ఉండే ఫలకాన్ని క్లైపియస్ అంటారు. చాలా జాతుల మగవాటిలో అది మొత్తం పసుపు లేదా తెలుపు. ఆడవాటిలో నల్లగా ఉండి మచ్చలతో సరిపెట్టుకుంటుంది. క్లైపియస్ రంగు తేడా చూడగానే జాతి తేడా అనిపించడం సహజమే, కానీ ముందు లింగభేదం కాదని నిర్ధారించుకోవాలి.

సైజు మీద కూడా ఆధారపడటానికి లేదు. తల్లి గదిలో పెట్టిన గొంగళిపురుగుల మోతాదును బట్టి పిల్ల ఎదుగుతుంది. మగపిల్లకు తక్కువ ఆహారం పెడుతుంది కాబట్టి మగవి సాధారణంగా చిన్నవి. డెల్టా ప్రజాతిలో పెద్ద ఆడవి 25 మిల్లీమీటర్లు దాటుతాయి, యూమెనెస్ చాలావరకు అందులో సగం నుంచి మూడింట రెండొంతులు ఉంటాయి. అంత తేడా ఉన్నా ఫోటోలో కొలతకు ఆధారం లేకపోతే దానివల్ల ఉపయోగం లేదు. డెల్టాను యూమెనెస్ నుంచి విడదీయడానికి నిష్పత్తులు మేలు. డెల్టా తొడిమ సన్నగా, దాదాపు సమానమైన వెడల్పుతో సాగి, సాధారణంగా వక్షం పొడవుకు దీటుగా ఉంటుంది. యూమెనెస్ తొడిమ పొట్టి, వెనక సగంలో స్పష్టంగా ఉబ్బుతుంది. ఈ నిష్పత్తిని పక్కనుంచి తీసిన ఫోటోలోనే కొలవాలి. ముందునుంచో వాలుగానో తీస్తే పొడవాటి తొడిమ కుదించుకుపోయి పొట్టిగా కనబడుతుంది, డెల్టా కాస్తా యూమెనెస్ అయిపోతుంది.

వెడల్పు పొట్ట ఉన్న నల్లటి చిన్న జాతుల దగ్గర తొడిమ గొడవ లేదు, కాబట్టి ఇంకా దగ్గరికి పోవాలి. యాన్సిస్ట్రోసెరస్, సిమ్మోర్ఫస్ ప్రజాతులనే తీసుకోండి. రెండూ చిన్నవి, నల్లవి, పొట్ట మీద సన్నటి పసుపు గీతలతో ఉంటాయి, రెండూ ఎక్కువగా బోలు కాడల్లోనో రంధ్రాల్లోనో గదులు కడతాయి. వీటిని విడదీసే గుర్తు ఒక మిల్లీమీటరు మేర చోటులో ఉంది. పొట్ట మొదటి ఖండం వక్షం వైపు నిటారుగా దిగుతుంది, వెనక్కి బల్లపరుపుగా సాగుతుంది. ఈ రెండూ కలిసే వంపు మీద అడ్డంగా ఒక సన్నటి గట్టు ఉంటుంది, పొలంలో మడిని మడిని వేరు చేసే గట్టులాగే. గట్టు రెండు ప్రజాతుల్లోనూ ఉంది. సిమ్మోర్ఫస్‌లో మాత్రం ఆ గట్టు వెనక, ఖండం నడిమధ్యన నిలువుగా ఒక గాడి కూడా దిగుతుంది. యాన్సిస్ట్రోసెరస్‌లో గాడి ఉండదు. యూఓడినెరస్ అనే మరో ప్రజాతిలో అసలు గట్టే ఉండదు. ఫోటోలో చూడాల్సింది ఆ వంపు మీద పడిన వెలుగును. పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుగులో గట్టు అంచు సన్నటి తెల్లగీతలా మెరుస్తుంది, గాడి నీడగీతగా కనబడుతుంది. నేరుగా ఫ్లాష్ కొట్టిన ఫోటోలో ఈ రెండూ మాయమై నల్లటి గుండ్రటి పెంకు ఒక్కటే మిగులుతుంది. ఇలాంటప్పుడు నోట్లో పట్టుకున్న ఆహారం కూడా కనబడితే అదృష్టమే. సిమ్మోర్ఫస్ ఎక్కువగా ఆకు పెంకుపురుగుల డింభకాలను వేటాడుతుంది, యాన్సిస్ట్రోసెరస్ మొగ్గేది ప్రధానంగా చిమ్మటల గొంగళిపురుగుల వైపు.

ప్రజాతి తెలిశాక జాతి దగ్గర ఇంకా సున్నితంగా చూడాలి. యూరప్ యూమెనెస్ జాతుల్లో పోమిఫార్మిస్, కోఆర్క్టేటస్ రెండూ రంగు చూస్తే ఒకే మూసలోవి. నిపుణులు చూసేది పొట్ట రెండో ఖండం మీది రోమాలను. కోఆర్క్టేటస్‌లో అవి పొడుగ్గా నిక్కబొడుచుకుని ఉంటాయి, పోమిఫార్మిస్‌లో పొట్టి నూగు. ఫోటోలో ఈ తేడా పట్టాలంటే పొట్ట పై అంచును పక్కనుంచి, వెనక వెలుతురు ఉండగా చూడాలి. అప్పుడు రోమాలు అంచు మీద వెలుగు గీతల్లా లేచి కనబడతాయి. పైనుంచి తీసిన ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పదు. మరో జాగ్రత్త కూడా ఉంది. మట్టి మోసి, రంధ్రాల్లో దూరి వయసైపోయిన కందిరీగకు రోమాలు రాలిపోతాయి. కాబట్టి రోమాలు కనబడటం ఒక సాక్ష్యమే గానీ, కనబడకపోయినప్పుడు రెక్కల అంచులు చిరిగాయేమో కూడా చూడాలి. చిరిగి ఉంటే అది ముసలిది, దాని నున్నటి పొట్టను నమ్మలేం.

కెమెరా చేసే మోసాలు కొన్ని వేరే ఉన్నాయి. పొట్ట ఖండాలు దూరదర్శిని గొట్టాల్లా ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. కందిరీగ పొట్ట ముడుచుకున్నప్పుడు వెనక ఖండాల పట్టీలు దాగిపోతాయి, సాగదీసినప్పుడు బయటపడతాయి. ఒకే కందిరీగ రెండు క్షణాల్లో తీసిన రెండు ఫోటోల్లో మూడు పట్టీలతోనూ అయిదు పట్టీలతోనూ కనిపించవచ్చు. మడిచిన రెక్కలు రెండో ఖండం పక్కలను కప్పేసి మచ్చలను మింగేస్తాయి. ఫ్లాష్ లేతపసుపును తెల్లగా మారుస్తుంది, సాయంత్రపు ఎండ అదే పసుపును నారింజ చేస్తుంది. ఫోన్ కెమెరాలు ఫోటోను వాటంతటవే పదును పెట్టేటప్పుడు పెంకు మీద లేని గుంటలు, లేని గరుకుదనం పుట్టుకొస్తాయి. పెంకు మీది చుక్కగుంటల లోతు, వాటి మధ్య ఎడం జాతి నిర్ధారణలో పెద్ద గుర్తులు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఫోటోను పెద్దది చేసినప్పుడు వక్షం మీద కనబడే గరుకు, వెనకున్న మసక ఆకు మీద కూడా అదే తీరుగా కనబడుతుంటే అది కందిరీగది కాదు, కెమెరాది.

ఎక్కడ తీశారన్నది గట్టి సాయమే, కానీ చివరి మాట కాదు. మట్టి గూళ్లు సరుకుతో పాటు ఓడలెక్కుతాయి. ఆసియాకు చెందిన స్కెలిఫ్రాన్ కర్వేటమ్ 1979లో ఆస్ట్రియాలో కనబడింది, ఆ తర్వాత యూరప్‌లో చాలా దేశాలకు పాకింది. దక్షిణ అమెరికా కుమ్మరి కందిరీగ జీటా ఆర్జిలేసియమ్ ఫ్లోరిడాలో స్థిరపడింది. అక్కడ సన్నటి తొడిమ కనబడగానే స్థానిక యూమెనెస్ అనుకునే అలవాటుకు అది గండి కొట్టింది. ఫోటో చూసి పేరు సూచించే కంప్యూటర్ ప్రోగ్రాములది కూడా ఇలాంటి బలహీనతే. అవి నేర్చుకునేది మనుషులు పెట్టిన పేర్ల నుంచి. ఒక ప్రాంతంలో ఎక్కువ ఫోటోలున్న జాతి పేరే ముందుగా సూచిస్తాయి. ఆ సూచనను చూసినవాళ్లు సరేనంటే తప్పు పేరు మరో పాఠంగా లోపలికి పోతుంది. అందుకే చూసిన గుర్తు లేకుండా పేరుకు ఒప్పుకోవడం పక్కవాడికి చేసే సాయం కాదు. "యూమెనెస్, జాతి తెలియదు, రెండో ఖండం రోమాలు కనబడటం లేదు" అని రాసిన మాటకు తప్పు జాతి పేరు కంటే చాలా ఎక్కువ విలువ ఉంది. తర్వాత వచ్చే మనిషి ఏం వెతకాలో అందులోనే ఉంది.

ఫోటో తీసే అవకాశం ఇంకా చేతిలో ఉంటే ఒక్కదానితో ఆగకూడదు. ముఖం ఎదురుగా ఒకటి, సరిగ్గా పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. మీసాల కొసలు, పొట్ట మొదటి రెండు ఖండాలు ఫోకస్‌లో ఉంటే మిగతావి మసకైనా పర్వాలేదు. బురద దగ్గర మట్టి ముద్ద చేసుకుంటున్న కందిరీగ కాసేపు కదలదు, పూల మీద కన్నా అక్కడ తీయడం తేలిక.

గూడు కనబడితే దాన్ని వదలకూడదు. మెడ, దాని మీద విచ్చుకున్న అంచు ఉన్న గుండ్రటి కుండ యూమెనెస్ పనితనం. చాలా డెల్టా జాతులు గదులను పక్కపక్కన చేర్చి పైన మళ్లీ మట్టి మెత్తి ఒక ముద్దగా చేస్తాయి. ఒడినెరస్ నేలలోని బొరియ ముఖాన మట్టి గొట్టం కట్టి వంచుతుంది. కానీ గూడు పక్కన వాలిన ప్రతిదీ దాని యజమాని కాదు. పచ్చగా నీలంగా మెరిసే కోకిల కందిరీగలు ఈ గూళ్ల చుట్టూ తచ్చాడి, సందు దొరికితే లోపల గుడ్డు పెట్టేసి పోతాయి. వదిలేసిన పాత గదుల్లో వేరే తేనెటీగలు, కందిరీగలు కాపురం పెడతాయి. కుండ మూతి మట్టితో మూసి ఉండి, పక్కన గోడకు గుండ్రటి రంధ్రం ఉందంటే లోపల పెరిగింది గోడ కొరికి బయటికొచ్చిందని అర్థం. ఆ వచ్చింది కుండ చేసినదాని బిడ్డేనా, లోపల చేరిన కోకిల కందిరీగా అన్నది రంధ్రం చెప్పదు. బయటికొస్తున్నదాని ఫోటో ఉంటేనే ఆ వచ్చింది ఎవరో, దానికి పేరు ఏం రాయాలో తేలుతుంది.